వ్యాపారమూ, నాయకత్వమూ కాలేజీలో నేర్పే చదువులేనా?

గడచిన దసరా సెలవులలో మా సంఘ గ్రంథాలయానికి ఒక పెద్దాయన వచ్చారు. వారిది తాతల నాడు నెల్లూరు సీమ నుండి చెన్నపట్నం వచ్చి స్థిరపడిన కుటుంబం. జార్జిటౌనులో బట్టల కొట్టు. ఇంట్లో తెలుగు, కొట్లో తమిళం, సరుకు పంపే సేట్లతో హిందీ. కుర్చీలో కూర్చుని కండువాతో ముఖం తుడుచుకుని, ఇట్లా మొదలుపెట్టారు:

"ఏమండీ, మా మనవరాలు పన్నెండో తరగతి పూర్తి చేయబోతున్నది. కామర్సులో మంచి మార్కులు. బి.కాం. చదివి, ఆ పైన సి.ఎ. చేస్తుందని మేమంతా అనుకున్నాము. ఇప్పుడేమో లిబరల్ ఆర్ట్సు కాలేజీ అంటున్నది. అక్కడ వ్యాపారమూ చెబుతారట, నాయకత్వమూ చెబుతారట. వాటితో పాటు చరిత్ర, తత్త్వశాస్త్రం కూడా చదవాలట. అమెరికాలో క్లేర్మాంటు అని ఏదో ఊరి పేరు చెబుతున్నది. తత్త్వశాస్త్రం చదివితే పద్దు కుదురుతుందా? నాయకత్వం అనేది పుస్తకంలో దొరుకుతుందా? దాని పేర వేసి ఉంచిన డబ్బు కొంత ఉన్నది. అది ఈ చదువుకు పెట్టవచ్చునా, కూడదా? నాలుగు మాటలు చెప్పండి."

మాకు వెంటనే జవాబు తోచలేదు. తెలియనిది తెలిసినట్లు చెప్పటం కంటె గడువు అడగటం మేలని వారం రోజులు గడువు అడిగాము. తరువాత ఆలోచించగా, ఈ ప్రశ్న ఆయన ఒక్కరిదే కాదని తోచింది. బరంపురంలోనూ, బళ్లారిలోనూ, షోలాపురంలోనూ, హోసూరులోనూ మన ఇళ్లలో ఏటా పరీక్షల ముందు వినబడే ప్రశ్నే ఇది. అందుచేత మేము తెలుసుకున్నది చదువరులందరి ముందూ పెడుతున్నాము.

ముందు పేరు సంగతి

లిబరల్ ఆర్ట్సు అనగానే మనవాళ్లకు రెండు పొరపాట్లు కలుగుతాయి. ఆర్ట్సు అంటే చిత్రలేఖనం, సంగీతం కాబోలునని ఒకటి. సైన్సులో సీటు రానివారు చేరే ఆర్ట్సు గ్రూపని మరొకటి. రెండూ కావు. ఈ మాట లాటిను భాష నుండి వచ్చినది. స్వతంత్రుడైన పౌరుడికి తగిన విద్యలని దాని అర్థం. ఐరోపాలో మధ్యయుగాల నాటికి ఇవి ఏడని లెక్క పెట్టారు: వ్యాకరణం, తర్కం, వక్తృత్వం, అంకగణితం, రేఖాగణితం, సంగీతం, ఖగోళశాస్త్రం. ఏడింటిలో లెక్కలకు సంబంధించినవి ఎన్ని ఉన్నవో చూడండి! నేటి లిబరల్ ఆర్ట్సు కాలేజీలో భౌతికశాస్త్రం, గణితం, అర్థశాస్త్రం, సాహిత్యం పక్కపక్కనే ఉంటాయి. విద్యార్థి ఒక విషయాన్ని లోతుగానూ, తక్కిన కొన్నింటిని వెడల్పుగానూ చదువుతాడు. ఒక చేతి పనికి మాత్రమే కాక, ఏ పనికైనా ముందుండవలసిన ఆలోచనకు తయారు చేయటం దాని ఉద్దేశం.

వ్యాపారం కాలేజీ మెట్లు ఎక్కిన కథ

వ్యాపారం పూర్వం కాలేజీ చదువు కాదు. ఏ దేశంలోనైనా కుర్రవాడు కొట్లో చేరి, మొదట ఊడ్చి, తరువాత మూటలు కట్టి, చివరకు చిట్టా ఆవర్జాలు రాసి నేర్చుకున్నదే. 1881 లో ఫిలడెల్ఫియాలో జోసెఫ్ వార్టన్ అనే లోహాల వ్యాపారి పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి లక్ష డాలర్లు ఇచ్చి, పట్టా చదువులో వ్యాపారం చెప్పే స్కూలు పెట్టించాడు. మన దేశంలో 1913 లో బొంబాయిలో సిడెన్‌హాం కామర్సు కాలేజీ వెలిసింది. మన ఇళ్లలో బి.కాం. పట్టాకు గౌరవం వచ్చింది ఆ దారినే.

అయితే పట్టాలు పెరిగిన కొద్దీ అనుమానాలూ పెరిగాయి. 1959 లో అమెరికాలో రెండు పెద్ద నివేదికలు వెలువడ్డాయి. ఒకటి ఫోర్డ్ ఫౌండేషను, మరొకటి కార్నెగీ కార్పొరేషను వ్రాయించినవి. రెండింటి సారాంశం ఒక్కటే: వ్యాపార కాలేజీలలో చదువు మరీ ఇరుకైపోయింది, చిన్న చిన్న పనుల మెళకువలే పాఠాలవుతున్నాయి, భాష, గణితం, మానవ స్వభావం తెలియని పట్టభద్రుడు రేపు మారే వ్యాపారానికి పనికిరాడు. 2011 లో బోధనాభివృద్ధి కోసం ఏర్పడిన కార్నెగీ ఫౌండేషను వారి గ్రంథం ఒకటి ఇదే మాటను మళ్లీ ఎత్తింది. అమెరికాలో ఇచ్చే మొదటి పట్టాలలో సుమారు అయిదింట ఒకటి వ్యాపార విద్యదే. అంతమంది చదివే చదువులో చరిత్ర, తత్త్వం, సాహిత్యం పక్కన అంటించిన కాగితంలా కాక, పాఠంలోనే కలిసిపోవాలని ఆ గ్రంథం వాదించింది.

క్లేర్మాంటు కాలేజీ

ఇక ఆ అమ్మాయి చెప్పిన ఊరికి వద్దాము. కాలిఫోర్నియా రాష్ట్రంలో లాస్ ఏంజలిస్‌కు తూర్పున సుమారు 55 కిలోమీటర్ల దూరాన క్లేర్మాంటు ఉన్నది. ఒకే ఊళ్లో పక్కపక్కనే అయిదు చిన్న పట్టా కాలేజీలు ఉండటం దాని విశేషం. 1887 లో పొమోనా, 1926 లో స్క్రిప్స్, 1946 లో నేడు క్లేర్మాంట్ మెకెన్నా అనే కాలేజీ, 1955 లో హార్వే మడ్, 1963 లో పిట్జర్ స్థాపితమయ్యాయి. ఒక కాలేజీలో చేరినవారు తక్కిన కాలేజీలలోనూ కొన్ని పాఠాలు చదువుకోవచ్చును.

వీటిలో మెకెన్నా కాలేజీ కథ మన ప్రశ్నకు దగ్గరది. రెండవ ప్రపంచయుద్ధం ముగిసింది. సైన్యం నుండి తిరిగివచ్చిన యువకుల చదువు ఖర్చు భరించటానికి అమెరికా ప్రభుత్వం 1944 లోనే చట్టం చేసింది. అట్లా వచ్చినవారితోనే 1946 లో ఈ కాలేజీ ఆరంభమయింది. మొదటి ఏడు 86 మంది విద్యార్థులు, ఏడుగురు ఉపాధ్యాయులు. యుద్ధం చూసి వచ్చినవారికి బొత్తిగా కొత్త పాఠం అక్కరలేదు. వ్యాపారంలోనూ, ప్రభుత్వంలోనూ బాధ్యత మోయగల చదువు కావాలి. అందుకని అర్థశాస్త్రం, రాజనీతి ఈ రెండింటినీ కాలేజీకి రెండు కళ్లుగా పెట్టుకున్నారు. వాణిజ్యంతో పాటు నాగరికత వర్ధిల్లుతుందనే అర్థం గల లాటిను వాక్యం వారి ఆదర్శవాక్యం. మొదట మగవారికే పరిమితమైన ఈ కాలేజీలో 1976 నుండి ఆడపిల్లలను చేర్చుకున్నారు. 1981 లో నేటి పేరు పెట్టారు. ఇప్పుడు చదివేవారు సుమారు 1,400 మంది. మన ఊళ్లలో ఒక మోస్తరు హైస్కూలులో ఉండే సంఖ్య!

అక్కడ వ్యాపారం చదవదలచినవారు సాధారణంగా అర్థశాస్త్రం తీసుకుంటారు. లేదా అర్థశాస్త్రమూ జమాఖర్చుల విద్యా కలిసిన శాఖ తీసుకుంటారు. తత్త్వశాస్త్రం, రాజనీతి, అర్థశాస్త్రం మూడింటినీ కలిపి చదివే శాఖ కూడా ఉన్నది. ఏది తీసుకున్నా, మొదటి ఏడు వ్రాత నేర్పే తరగతీ, మానవీయ విద్యల తరగతీ తప్పవు. విజ్ఞానశాస్త్రం, గణితం, పరభాష తప్పవు. చివరి ఏడు ప్రతి విద్యార్థీ సొంతంగా ఒక పరిశోధన వ్యాసం వ్రాసి ఒప్పించవలసిందే. జమాఖర్చులు చదివే పిల్లవాడైనా తన మాటను నలుగురికీ అర్థమయ్యేట్లు వ్రాయలేకపోతే పట్టా రాదన్నమాట.

మాకు నచ్చిన మరొక ఏర్పాటు అక్కడి అథీనియం. అది భోజనశాలా, సభామందిరమూ కలిసిన చోటు. కాలేజీ నడిచే రోజులలో సాయంత్రం ఎవరో ఒక పండితుడో, మంత్రిపదవి చేసినవాడో, వ్యాపారవేత్తో వస్తాడు. విద్యార్థులు, ఉపాధ్యాయులు గుండ్రని బల్లల చుట్టూ కూర్చుని భోజనం చేస్తారు, తరువాత ఉపన్యాసం, ఆ పైన ప్రశ్నలు. పెద్దవారి ఎదుట బెదరక, వినయం తప్పక ప్రశ్న వేయటం కూడా ఒక విద్యే కదా! మన పెళ్లి పంక్తులలో పెద్దల పక్కన కూర్చుని పిల్లలు ఎంత నేర్చుకునేవారో గుర్తు చేసుకుంటే, ఈ పద్ధతి మనకు కొత్తగా తోచదు.

ఈ ఊరికే 1971 లో పీటర్ డ్రకర్ వచ్చి చేరాడు. వియన్నాలో 1909 లో పుట్టి, నిర్వహణశాస్త్రానికి పెద్దగా పేరు పొందినవాడు. క్లేర్మాంటులోని పై చదువుల విశ్వవిద్యాలయంలో బోధించి, 2005 లో ఆ ఊళ్లోనే కన్నుమూశాడు. సంస్థను నడపటం కూడా ఒక లిబరల్ ఆర్టేనని 1989 లో వ్రాసిన గ్రంథంలో ఆయన వాదించాడు. తెలివి, తన్ను తాను ఎరగటం, వివేకం ఇవి దానికి మూలం గనుక అది లిబరల్; చేసి చూపించవలసినది గనుక అది కళ. పెద్దాయన అడిగిన మొదటి ప్రశ్నకు ఇది సగం జవాబు. తత్త్వశాస్త్రం చదివినందువల్ల పద్దు కుదరదు. కాని ఆ పద్దు ఎవరి కోసం, ఏ న్యాయానికి లోబడి వ్రాస్తున్నామో తెలుస్తుంది.

నాయకత్వం పాఠమవుతుందా?

రెండవ ప్రశ్న ఇంకా గట్టిది. 1978 లో జేమ్స్ మెక్‌గ్రెగర్ బర్న్స్ అనే చరిత్రకారుడు నాయకత్వం గురించి పెద్ద గ్రంథం వ్రాశాడు. ఆయన నాయకత్వాన్ని రెండు విధాలుగా విడదీశాడు. మొదటిది ఇచ్చి పుచ్చుకునేది: నీవు ఓటు వేయి, నేను రోడ్డు వేయిస్తాను, నీవు పని చెయ్యి, నేను కూలి ఇస్తాను. రెండవది మార్చేది: నాయకుడూ, వెంట నడిచేవారూ ఒకరినొకరు పై మెట్టుకు ఎత్తుకునేది. ఇందుకు ఆయన చూపిన ఉదాహరణలలో మన గాంధీజీ ఒకరు.

ఈ భేదం మనకు దూరమైనదేమీ కాదు. షోలాపురం మగ్గాల వీధులలో ఒక సహకార సంఘాన్ని ఊహించండి. నూలు అరువిచ్చి బట్ట తీసుకుంటే అది మొదటి రకం. అదే సంఘం నేతగాడికి లెక్క చూడటం నేర్పి, రేపు తానే సంఘం పెద్దగా నిలబడేట్లు చేస్తే అది రెండవ రకం. మొదటిదీ అవసరమే. కాని మొదటిదానితో ఆగిపోయిన సంఘం పెద్దాయనతోనే ముగిసిపోతుంది.

మెకెన్నా కాలేజీలో 1992 లో నాయకత్వ విద్యకు ఒక సంస్థ పెట్టారు. ఆ కాలేజీలోనే చదివి, తరువాత పెట్టుబడి వ్యాపారంలో పేరు తెచ్చుకున్న హెన్రీ క్రావిస్ పేరు దానికి ఉన్నది. నాయకత్వపు పాఠాలు అక్కడ ఒక్క శాఖలో ఉండవు. మనస్తత్వశాస్త్రం, రాజనీతి, తత్త్వశాస్త్రం ఇట్లా పలుచోట్ల నుండి ఏరి కూర్చుకోవాలి.

మనస్తత్వశాస్త్రం నాయకత్వానికి ఏమి నేర్పుతుందంటారా? ఒక్క పరిశోధన చెబుతాము. యేల్ విశ్వవిద్యాలయంలో స్టాన్లీ మిల్‌గ్రాం చేసిన ప్రయోగమిది. 1963 లో అచ్చయింది. తప్పు జవాబు చెప్పిన మనిషికి విద్యుద్ఘాతం ఇవ్వమని ఒక అధికారి చెబుతాడు. నిజానికి ఘాతం లేదు, అవతలివాడు నటిస్తున్నాడు. ఆ సంగతి మీట నొక్కేవారికి తెలియదు. అచ్చయిన మొదటి ప్రయోగంలో 40 మందిలో 26 మంది చివరి మీట, అనగా 450 వోల్టుల వరకూ నొక్కారు. వీరు దుర్మార్గులు కారు, మామూలు సంసారులు. పెద్దవాడు చెప్పాడు గనుక చేశారు. రేపు పదిమంది చేత పని చేయించబోయే పిల్లవాడు ఈ సంగతి పద్దెనిమిదో ఏటనే తెలుసుకుంటే, తన మాటకు ఉండే బరువూ, ఇతరుల మాటకు కాదనవలసిన వేళా రెండూ తెలుస్తాయి.

ధైర్యం, ఓర్పు, నలుగురినీ కలుపుకుపోయే గుణం పుస్తకంలో దొరకవు. ఆ మాట నిజమే. ఈత కూడా పుస్తకంలో దొరకదు. కాని నీటి లోతు ఎక్కడ ఎంతో చెప్పేవాడు గట్టున ఉండటం మంచిది.

నాణేనికి రెండవ వైపు

మంచి చెప్పి ఊరుకుంటే సగం చెప్పినట్లే. 2007 లో రాబర్ట్ డే అనే పూర్వవిద్యార్థి మెకెన్నా కాలేజీకి 20 కోట్ల డాలర్లు ఇచ్చి, అర్థశాస్త్రానికీ ద్రవ్యవ్యవహారాలకూ ఒక స్కూలు ఏర్పాటు చేయించాడు. అప్పటికి ఒక లిబరల్ ఆర్ట్సు కాలేజీకి అంత దానం వచ్చి ఎరగరు. సంతోషించవలసిన సంగతే, కాని ఇంత డబ్బు ఒక్క వైపు చేరితే కాలేజీ అంతా వ్యాపారం వైపు ఒరిగిపోదా అని అక్కడి సాహిత్య ఉపాధ్యాయులలోనే ఆందోళన కలిగింది. తక్కెడలో ఒక సిబ్బె బరువెక్కితే ముల్లు కదలక మానదు. ఈ పేచీ ఆ కాలేజీలోనే కాదు, వ్యాపారమూ లిబరల్ ఆర్ట్సూ కలిపి చెప్పే ప్రతి చోటా ఉండేదే.

అంతకంటె పెద్ద పాఠం 2012 జనవరిలో వచ్చింది. ప్రవేశాల వ్యవహారం చూసే ఒక పై అధికారి, కొత్తగా చేరిన విద్యార్థుల పరీక్ష మార్కులను 2005 నుండి ఎక్కువ చేసి చూపుతున్నాడని కాలేజీ తానే ప్రకటించింది. కాలేజీలకు వరుస సంఖ్యలు వేసే పత్రికలకు ఆ తప్పుడు అంకెలే వెళ్లాయి. ఆ అధికారి పదవి వదులుకున్నాడు. నాయకత్వమూ నీతీ పాఠాలుగా చెప్పే చోటనే ఇట్లా జరిగింది. దీనిని బట్టి ఆ చదువు వృథా అని మేము అనము. కాని పాఠం వేరు, నడత వేరు అనీ, పత్రికలలో వచ్చే వరుస సంఖ్యలను చూసి పిల్లల భవిష్యత్తు నిర్ణయించకూడదనీ దీని నుండి తెలుసుకోవాలి. తప్పును దాచకుండా బయట పెట్టటం కూడా నాయకత్వమేనని ఒప్పుకోవాలి.

ఇక ఖర్చు. ఇటువంటి కాలేజీలో ఫీజు, బస, భోజనం కలిపి ఏడాదికి 85 వేల డాలర్లకు పైమాటే, నాలుగేళ్లు చదవాలి. మన డబ్బులో ఏడాదికి 70 లక్షల రూపాయలు దాటుతుంది. ఆ దేశపు బీద విద్యార్థులకు దొరికినంత సాయం పరదేశీయులకు దొరకటం కష్టం. ఇల్లు తాకట్టు పెట్టి పంపవలసిన చదువు ఇది కాదని మా దృఢమైన అభిప్రాయం.

మనకు దగ్గరలో

ఈ పద్ధతి చదువు ఇప్పుడు మన దేశంలోనూ ఉన్నది. చెన్నపట్నానికి ఉత్తరాన, తడ దగ్గర, ఆంధ్రప్రదేశ్‌లోని శ్రీసిటీలో 2018 లో క్రియా విశ్వవిద్యాలయం ఏర్పడింది. 2019 లో అక్కడ మొదటి పట్టా తరగతి చేరింది. సాహిత్యం, విజ్ఞానం, సామాజికశాస్త్రాలు కలిపి చెబుతారు. వ్యాపార నిర్వహణ స్కూలు కూడా ఆ విశ్వవిద్యాలయానిదే. తమిళనాడులో ఉంటున్న మనవాళ్లకు అది పొలిమేర దాటగానే తెలుగు నేల. మహారాష్ట్రలోని వారికి పూనాలో 2015 లో విశ్వవిద్యాలయమయిన ఫ్లేం ఉన్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానం కూడా నాలుగేళ్ల పట్టాకూ, పలు విషయాలు కలిపి చదవటానికీ దారి తెరిచింది. ఇక్కడి ప్రైవేటు విశ్వవిద్యాలయాలలోనూ ఫీజులు తక్కువేమీ కావు. వేతన సాయం ఎంత ఇస్తారో ముందే వ్రాయించుకోవాలి.

ఎక్కడ చేర్చినా, చేర్చే ముందు తల్లిదండ్రులు ఈ ప్రశ్నలు అడగవలెనని మా మనవి. తరగతిలో ఎంతమంది? విద్యార్థి వ్రాసిన వ్యాసాన్ని ఉపాధ్యాయుడు దిద్ది తిరిగి ఇస్తాడా? జమాఖర్చులు, గణాంకాలు గట్టిగా చెబుతారా, లేక పై పై మాటలేనా? నాయకత్వపు తరగతి అంటే వేదిక మీద ప్రసంగాలేనా, లేక ఊళ్లో ఏదైనా సంస్థలో చేరి పనిచేసి రావాలా? మూడేళ్ల క్రితం చదువు ముగించినవారు ఇప్పుడు ఏమి చేస్తున్నారు? జవాబు సూటిగా రాకపోతే, భవనాలు ఎంత అందంగా ఉన్నా వెనక్కు రావటం మంచిది.

మన పిల్లలకు ఒక సొత్తు

మరొక్క సంగతి. మన ఇళ్లలో పిల్లవాడు ఊహ తెలిసిన నాటి నుండి రెండు మూడు భాషల మధ్య పెరుగుతాడు. అమ్మమ్మతో ఒక భాష, ఎదురింటి స్నేహితుడితో ఒక భాష. అవతలివాడి మాట అతని భాషలోనే విని, అతని వైపు నుండి ఆలోచించటం మనకు తరాలుగా అలవాటు. పరాయి నేల మీద కొట్టు పెట్టి, ఆ ఊరివారి నమ్మకం సంపాదించిన మన పెద్దలు ఏ కాలేజీలోనూ నాయకత్వం చదవలేదు. కాని వారికి తెలిసినదే ఇప్పుడు పాఠాలుగా చెబుతున్నారు. తాత దగ్గర ఉన్నది అనుభవం. కాలేజీ దగ్గర ఉన్నది పేర్లూ, తర్కమూ, ఇతరుల అనుభవమూ. రెండూ కలిసినప్పుడే పిల్లకు నిండుదనం.

వారం తరువాత పెద్దాయన మళ్లీ వచ్చారు. ఈసారి మనవరాలిని వెంటబెట్టుకుని. మేము వ్రాసి పెట్టుకున్నదంతా చదివి వినిపించాము. ఖర్చు దగ్గరకు వచ్చేసరికి అమ్మాయే అందుకుని, "అమెరికా మాట వదిలేశాను తాతయ్యా. దగ్గరలో ఉన్నవాటికే వ్రాస్తాను. వేతన సాయం రాకపోతే బి.కాం.లోనే చేరి, సాయంత్రాలు ఈ గ్రంథాలయంలో తక్కినవి చదువుకుంటాను" అన్నది.

ఆయన కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, "అయితే ఒక షరతు. సెలవులలో కొట్లో కూర్చోవాలి. నాలుగు వారాలు పద్దు నీదే" అన్నారు.

"పద్దు నాదయితే, ఎవరికి ఎంత జీతం ఇవ్వాలో కూడా నేనే చెబుతాను తాతయ్యా" అన్నది అమ్మాయి.

పెద్దాయన మా వైపు తిరిగి, "చూశారూ, ఇంకా చేరకముందే మొదలయింది" అని నవ్వారు. ఆ నవ్వులో అభ్యంతరం మాకు కనబడలేదు.